బుస్సీ వెడలిన పిమ్మట

ఫిల్మ్‌నగరు మిట్టలపై నిలిచి చూచువారికి దవ్వుల గోలకొండ దుర్గము కానవచ్చును. జూబిలీహిల్సు మొదలిచ్చటి వరకు గల వీథులు నేడు మన చలనచిత్రములకు నెలవులు. ఆ చిత్రములకు యుద్ధమన్న మిక్కిలి మక్కువ. బొబ్బిలి యుద్ధము 1964లో తెరకెక్కినది. పాపారాయని శౌర్యమును, బుస్సీ ఫిరంగులను ఎరుగని తెలుగువాడు అరుదు. ఆ ఫిరంగులు మరలిపోయిన తరువాత దేశమేమైనదని నా తరగతిలో నొక బాలుడడిగెను. వెంటనే బదులు చెప్పలేకపోయితిని.

బుస్సీ 1751లో సలాబతుజంగును దక్కను గద్దెపై నిలిపెను. ఫ్రెంచి పటాలములకు నెలజీతములు చెల్లవలెను, బొక్కసము వట్టిది. అందుచే 1753లో కొండపల్లి, ఏలూరు, రాజమహేంద్రవరము, చికాకోలు సర్కారులను ఆ జీతములకై వ్రాసి యిచ్చిరి. సిపాయి రక్షింపవలసిన దేశమే సిపాయికి వేతనమాయెను! తక్కిన కథయంతయు నిందుండి పుట్టినదే.

వీరిని వదలించుకొన నొకమారు ప్రయత్నము జరిగెను. 1756లో దివాను షానవాజుఖాను ప్రేరణచే సలాబతుజంగు బుస్సీని కొలువునుండి తొలగించెను. బుస్సీ హైదరాబాదున చార్‌మహలులో దాగి తోడుసేన వచ్చువరకు నిలిచెను. ప్రభువే మరల రాజీపడెను. 1757 జనవరి 24న బొబ్బిలి కూలెను. మరుసటి యేడు మే నెలలో ఔరంగాబాదున బుస్సీ దివాను హైదరుజంగు హతుడయ్యెను. ఆ కల్లోలముననే షానవాజుఖానును చంపబడెను. మొఘలు సర్దారుల చరిత్రమగు 'మఆసిరుల్ ఉమరా'ను రచించిన పండితుడాతడు. లెక్కలెరిగిన వారిట్లు పోయిన కొలదికాలమునకే లాలీ పిలుపుపై బుస్సీ తన సేనతో దక్షిణమునకు తరలెను.

సేన పోయినది గాని సర్కారులు తిరిగి రాలేదు. విజయనగరాధీశుడు ఆనంద గజపతి ఇంగ్లీషువారిని పిలిచెను. కర్నలు ఫోర్డు 1758 డిసెంబరులో చందుర్తి కడ ఫ్రెంచివారిని గెలిచి, 1759 ఏప్రిలులో బందరు కోటను పట్టెను. ఫ్రెంచివారికి తోడ్పడ సైన్యముతో వచ్చిన సలాబతుజంగు మే 14న గెలిచినవారికే బందరును వ్రాసి యిచ్చి మరలెను. 1760లో ఉద్గీరు కడ మరాఠాలు అరువదిలక్షల ఆదాయముగల భూములను గైకొనిరి. 1762లో తమ్ముడు నిజామలీ అన్నను బీదరు కోటలో బంధించెను. మరుసటి యేడచ్చటనే యాతడు మరణించెను.

సలాబతుజంగు దుర్బలుడనుటతో మన చరిత్రకారులు సరిపెట్టుకొందురు. దుర్బలుడే, కాదనను. కాని యేడేండ్లు పరాయి సేన కాపుండగా స్వదేశమున శిస్తు వసూలు చేసి తన సిపాయికి తానే జీతమిచ్చు నేర్పు అణగిపోయెను. ఆ స్థితిలో ఎంతటివాడైనను ఏమి చేయగలడు?

నూరేండ్ల తరువాత అదే రోగము మరల ముదిరెను. 1853లో కంటింజెంటు సేన బాకీలకై కుంఫిణీవారు బీరారును, రాయచూరు అంతర్వేదిని, నల్దుర్గమును గైకొనిరి. ఆ నెలలోనే ఇరువదినాలుగేండ్ల సాలారుజంగు దివానాయెను. అరబ్బు, రోహిల్లా జమేదారులు అప్పులక్రింద తాలూకాల ననుభవించుచుండిరి. ఆతడు బాకీలు తీర్చి వానిని విడిపించెను; గుత్తదారులను తొలగించి జీతగాండ్రగు తాలూకుదారులను నియమించెను; 1865లో జిల్లాలేర్పరచెను. ఇందులో ఫిరంగులు లేవు గనుక ఫిల్మ్‌నగరు వారికిది రుచింపదేమో!

1860లో రాయచూరును నల్దుర్గమును తిరిగి వచ్చినవి. బీరారుకై యాతడు 1876లో సీమకుగూడ పోయి యడిగెను. 1883లో కన్నుమూయువరకు లభింపలేదు. 1902లో దానిని శాశ్వతపు కౌలుగా మార్చిరి. 1936లో నిజాము జ్యేష్ఠపుత్రునకు 'బీరారు యువరాజ'ను బిరుదు మాత్రము దక్కెను.