లిక్విఫై (ఫొటోలో ఆకృతి మార్పు)

ఫొటోలో ఒక భాగాన్ని లాగి, నొక్కి, ఉబ్బించి రూపు మార్చే సాధనం లిక్విఫై. అడోబీ ఫొటోషాప్‌లో ఇది 2000లో వచ్చిన 6.0 వెర్షన్‌తో చేరింది. కళ్లు, ముక్కు, పెదవులను తానే గుర్తుపట్టి మార్చే సదుపాయం 2016లో వచ్చింది. లిక్విఫై కొత్తగా ఏదీ గీయదు, ఉన్న పిక్సెళ్లనే పక్కకు జరుపుతుంది. చర్మపు రంగు, వెలుగునీడలు అసలువే కావడంతో చూసేవారు తేలిగ్గా నమ్మేస్తారు. 2019లో అడోబీ, బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు జరిపిన పరీక్షలో మార్చిన ముఖాన్ని మనుషులు 53 శాతం సార్లే పోల్చుకోగలిగారు. అంటే బొమ్మాబొరుసు వేసినంతే. శిక్షణ పొందిన కంప్యూటర్ 99 శాతం దాకా పట్టేసింది. అయితే చేయి తిరగని పని తనను తానే పట్టిస్తుంది: నడుమును లోపలికి నొక్కితే వెనకున్న తలుపు అంచు, గచ్చు మీది గళ్లు కూడా వంగిపోతాయి.

లెన్సే రూపం మారుస్తుంది కదా, ఇందులో తప్పేముంది అనేవారున్నారు. వైడ్ యాంగిల్ లెన్స్‌తో తీసినప్పుడు అంచున నిల్చున్నవారి తల సాగినట్టు పడటం నిజమే, దాన్ని సరిచేయడం న్యాయమే. కానీ ఆ దిద్దుబాటుకు లెన్స్ లెక్క ఆధారం; నడుము సన్నం చేయడానికి ఎవరి కోరికో తప్ప ఆధారం లేదు. అలాంటి బొమ్మతో సరుకు అమ్మేటప్పుడు ఆ సంగతి కొనేవారికి చెప్పితీరాలి. మోడళ్ల ఒంటి తీరును మార్చిన ప్రకటనల మీద ఆ మాట రాయాలని ఫ్రాన్స్‌లో 2017 నుంచి నిబంధన ఉంది. నార్వేలో ఇలాంటి చట్టం 2022 జూలైలో అమల్లోకి వచ్చింది.