కాకతీయుల వియ్యాలు, గురుపీఠం

ఇరాన్‌ను జయించిన మంగోలు ప్రభువు హులాగు పట్టమహిషి దోకుజ్ ఖాతూన్ కెరయిత్ తెగ ఆడపడుచు. పుట్టింటి నెస్తోరియ క్రైస్తవాన్ని ఆమె మెట్టినింట విడువలేదు సరికదా, విడిది ఎక్కడైనా గుడారం వాకిట ప్రార్థనామందిరం నిలిపి గంట మోగించేది. 1258లో బాగ్దాదు పతనవేళ అక్కడి క్రైస్తవులు ప్రాణాలతో బయటపడటానికి ఆమె పలుకుబడే కారణమని ప్రతీతి. అదే తరంలో ఓరుగల్లు నేలిన గణపతిదేవునికి వియ్యాల వల్ల సేనానులు లభించారు, తీరాంధ్రంపై పట్టు చిక్కింది. మతం మాత్రం మరో దారిన వచ్చింది.

దివిసీమను జయించిన పిమ్మట గణపతిదేవుడు అక్కడి అయ్య వంశపు నారాంబ, పేరాంబలను పరిణయమాడగా, వారి సోదరుడు జాయప కాకతీయ గజసైన్యానికి అధిపతి అయ్యాడు. 'నృత్తరత్నావళి' కర్త అతడే. గణపతిదేవుడు తన ఒక కుమార్తె గణపాంబను ధరణికోట నేలిన కోట బేతరాజుకు, మరొక కుమార్తె రుద్రమను నిడదవోలు చాళుక్య వీరభద్రునికి ఇచ్చాడు. ఓడిన వంశాలను అణచివేయక బంధువర్గంగా మార్చుకున్న ఈ నీతిలో మతాంతరానికి అవసరమే కలగలేదు. ఆ ఇళ్లన్నీ ప్రధానంగా శైవాన్ని ఆశ్రయించినవే. అయినా కోట వంశీయుడైన కేతరాజు 1182లో అమరావతి బుద్ధునికీ దానాలిచ్చాడంటే, ఆనాటి శైవం మనం ఊహించుకునేంత ఇరుకైనది కాదు.

కాకతీయుల తొలినాళ్ల పరిసరాల్లో జైనం సజీవంగా ఉండేది: హనుమకొండ పద్మాక్షి గుట్టపై 1117లో మంత్రి బేతన భార్య మైలమ బసది కట్టించింది. ఆ స్థితి నుంచి రాజకులాన్ని శైవంలో స్థిరపరచినవారు ఆచార్యులు. వారిలో గణపతిదేవునికి దీక్ష ఇచ్చిన గోళకీ మఠాధిపతి విశ్వేశ్వరశంభువు అగ్రగణ్యుడు. మందడం, వెలగపూడి గ్రామాలు ఆయనకు ధారాదత్తమైన వైనాన్ని 1261 నాటి మల్కాపురం శాసనం చెబుతుంది. ఆ దానంతో మఠం, విద్యాలయంతోపాటు ప్రసూతిశాల, ఆరోగ్యశాల కూడా నడిచాయి. రాణులు ఈ ధర్మానికి పోషకులే గాని ప్రవర్తకులు కారు. గణపాంబ భర్త మరణానంతరం అతని పేర బేతేశ్వరాలయం నిలపడంలోనూ మెట్టినింటి స్మృతే ప్రధానం.

మంగోలు చక్రవర్తి కుబిలాయ్ కొలువు వీడి, ఇరాన్‌కు వధువుగా పంపబడిన కోకచిన్ పరివారంతో సముద్రయానం చేసిన మార్కో పోలో, మోటుపల్లి రాజ్యాన్ని ఏలే రాణిని మృతరాజు భార్యగా వర్ణించి, ఆమె న్యాయపాలనను కొనియాడాడు. తురగిన వంటి వితంతు రాణులు సామ్రాజ్యం నడిపిన మంగోలు లోకంలో మసలినవాడికి అలా తోచడంలో వింత లేదు. నిజానికి ఆ రాణి, అంటే రుద్రమ, గణపతిదేవుని కూతురు. భర్త వీరభద్రునికి కాకతీయ సింహాసనం ఏనాడూ దక్కలేదు, 1289లో ఆమె మరణించాక అది కూతురు ముమ్మడమ్మ కొడుకైన ప్రతాపరుద్రునికి సంక్రమించింది.