గోటి రంగు, జీడి నలుపు

పిన్ని కూతురితో కాశీబుగ్గ బజారుకి వెళ్లాను. గోళ్ల అలంకరణ కొత్తగా నేర్చుకుంది. టెక్కలి నుంచి ఉద్దానం దాకా పెళ్లిళ్లకి, ఇళ్లకే వెళ్లి చేస్తుందట. కట్టరు, ఫైలు, బేసిను, దూది, రిమూవరు, నాలుగు రంగులు కొంది. జెల్ ఆరబెట్టే దీపం మాత్రం నాలుగు పెళ్లిళ్లయ్యాకే అంది. తెలివైన పిల్ల.

ఈ సంచీకి ముందు పెళ్లిళ్లలో మంగలి పొది ఉండేది. వధూవరుల గోళ్లు తీయడం తంతులో భాగం; ప్రతిఫలం గింజలు, కట్నం. ఆ పనికి కులం అంటగట్టాం. 1952లో టాటాలు లాక్మే పెట్టారు. అదే గోరు సౌందర్యమై సీసాలోకెక్కింది.

గోళ్ల రంగుకి మెరుపునిచ్చే నైట్రోసెల్యులోజ్ 1920లలో కార్లకి పూసిన పెయింటులోదే. పలాస ఆడవాళ్లు కోసే జీడిగింజల పెంకు నూనె కూడా పెయింట్లలోకి, వార్నిష్‌లలోకి పోతుంది. పోయేముందు వాళ్ల వేళ్లని కాలుస్తుంది, గోళ్లని నల్లబరుస్తుంది. బూడిద రాసుకున్నా పూర్తిగా ఆగదు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టిన సౌందర్య చరిత్ర నేనైతే చదవలేదు.

ఇంటికొచ్చాక మొదటి రంగు అమ్మకే వేస్తానంది. పిన్ని చెయ్యి కొంగులో దాచేసుకుంది.

"వద్దే గుంట. రేపు గింజలు కొయ్యాల. రంగు ఊడి పప్పులో పడితే కూలి కోసేస్తారు."