ఒకే హారన్, రెండు అర్థాలు

2005 ఆగస్టు 14. సైప్రస్‌లోని లార్నకా నుంచి ఏథెన్స్‌కి హీలియోస్ 522 బయల్దేరింది. బోయింగ్ 737. అంతకుముందు తలుపు దగ్గర గాలి లీకవుతోందేమోనని చెక్ చేసినప్పుడు ప్రెషరైజేషన్ స్విచ్ మాన్యువల్‌లోనే ఉండిపోయింది. పైలట్లూ చూసుకోలేదు.

12 వేల అడుగుల దగ్గర హారన్ మోగింది. తిరకాసంతా ఇక్కడే. క్యాబిన్‌లో గాలి పలచబడుతోందని చెప్పే హారనూ, టేకాఫ్‌కి విమానం సిద్ధంగా లేదని చెప్పే హారనూ ఆ విమానంలో ఒకటే! రెండోది నేలమీద తప్ప మోగదు. అయినా పైలట్లు రెండోదే అనుకున్నారు. పరికరాల కూలింగ్ లైటు కూడా వెలిగేసరికి దాని వెంటపడ్డారు. ఆక్సిజన్ తగ్గితే ముందు దెబ్బతినేది ఆలోచనే కదా. కింద నుంచి ఇంజనీరు ఆ స్విచ్ ఆటోలో ఉందా అని అడిగితే, కెప్టెన్ కూలింగ్ సర్క్యూట్ బ్రేకర్లు ఎక్కడున్నాయని ఎదురడిగాడు.

ఆటోపైలట్ మాత్రం 34 వేల అడుగుల ఎత్తులో ఏథెన్స్ దాకా తీసుకెళ్ళి చక్కర్లు కొట్టించింది. ఇంధనం అయిపోయి కొండల్లో కూలింది. 121 మందీ పోయారు.

ప్రత్యక్ష కారణం పైలట్ల పొరపాట్లే అంది రిపోర్టు, కాదనను. కానీ రెండు వేర్వేరు ఎర్రర్లకి ఒకే మెసేజ్ పెట్టి, "యూజర్ మాన్యువల్ చదువుకోవాలి" అనేవాళ్ళం మనలో తక్కువేం కాదు. పాత 737ల్లో ఈ రెండిటికీ విడివిడి లైట్లు పెట్టమని అమెరికా ఎఫ్‌ఏఏ ఆదేశించింది 2011లో.