సెలెక్ట్ ఏజెంట్ ప్రోగ్రామ్

ప్రమాదకర సూక్ష్మజీవులు, జీవవిషాలు ఉగ్రవాదుల చేతికి చిక్కకుండా అమెరికా ప్రభుత్వం నడిపే నియంత్రణ వ్యవస్థ. 1995లో ఒహాయోలో ఒక వ్యక్తి ప్లేగు బ్యాక్టీరియాను తపాలాలో తెప్పించుకోవడంతో మరుసటి ఏడాదే చట్టం వచ్చింది. కానీ దాని కింద వచ్చిన నిబంధనలు ముఖ్యంగా రవాణాను పట్టించుకున్నాయే తప్ప, ఎవరి దగ్గర ఏముందో లెక్క తేల్చలేదు. 2001లో ఆంత్రాక్స్ పొడి నింపిన ఉత్తరాలు ఐదుగురిని బలిగొన్నాయి, 17 మందిని జబ్బుపరిచాయి. 2002 చట్టంతో ప్రయోగశాలల నమోదు, సిబ్బందిపై ఎఫ్‌బీఐ విచారణ తప్పనిసరయ్యాయి. ఈ కార్యక్రమాన్ని ఆరోగ్య, వ్యవసాయ శాఖలు ఉమ్మడిగా అమలు చేస్తాయి. అన్నిటికన్నా కలవరపరిచేది, ఆంత్రాక్స్ కేసులో ఎఫ్‌బీఐ చివరికి వేలెత్తి చూపింది సైనిక పరిశోధనాలయంలోని శాస్త్రవేత్తనే కావడం. అత్యంత ప్రమాదకరమైన సూక్ష్మజీవులను, జీవవిషాలను 2012లో మొదటి శ్రేణిగా వేరుచేసి, వాటిని ముట్టుకునేవారి నడవడిని నిరంతరం పరిశీలించాలన్నారు.