తంతీ, పొగబండీ, పరిహాసమూ

హుగ్లీ నదికి పడమటి గట్టున, కలకత్తా మహానగరానికి ఎదురుగా, హౌరా పట్టణంలో కలిసిపోయి ఉన్న పేట షాలిమార్. ఆంధ్రదేశం నుండి వంగదేశానికి రాకపోకలు చేసేవారికి నేడు ఆ పేరు సుపరిచితమే. మద్రాసుకు పోయే కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ 2022 నుండి హౌరాకు మారుగా అక్కడినుండి బయలుదేరుతున్నది. అంతకు పూర్వం, బెంగాల్ నాగపూర్ రైల్వేవారి కాలం నుండి, అది ప్రధానంగా సరుకుల యార్డు. ఇంకను వెనుకకు పోతే అది తోటల సీమ. 1787లో ఈస్టిండియా కంపెనీ పక్షాన శిబ్‌పూర్ వృక్షోద్యానాన్ని నెలకొల్పిన రాబర్ట్ కిడ్ తన సొంత తోటను షాలిమార్‌లోనే పెంచుకొన్నాడు. ఆ ఉద్యానం దాపుననే భారతదేశంలో విద్యుత్తంతి మొదటిసారి పలికినది. యంత్రం పుట్టుకకు చరిత్రకారులున్నారు. ఆ యంత్రాన్ని గురించి జనం ఆడుకొన్న మాటలకు, వేసుకొన్న విసురులకు, చేసిన వాదోపవాదాలకు మాత్రం చరిత్రకారులు అరుదు. అయినను ఒక సమాజం యంత్రాన్ని ఎట్లు స్వీకరించినదో తెలిసేది ఆ మాటలవల్లనే.

విలియం ఓషానెస్సీ ఐర్లండు దేశీయుడు, వృత్తిచేత వైద్యుడు, కలకత్తా వైద్యకళాశాలలో రసాయనశాస్త్ర ఆచార్యుడు. 1839లో ఆయన రెండు పనులు చేసినాడు. గంజాయి మొక్కకు గల వైద్యగుణాలను పాశ్చాత్య లోకానికి శాస్త్రీయంగా తెలియజేయడం ఒకటి. కలకత్తా పరిసరాలలో తంతి నిర్మించి విద్యుత్తుచేత సంకేతాలు పంపడం రెండవది. ఆయన తరువాత వ్రాసుకొన్న లెక్క ప్రకారం ఆ తంతి పొడవు 21 మైళ్ళు. అందులో 7,000 అడుగులు నదీజలమే వాహకంగా పనిచేసినది. సంకేతం అందినట్లు తెలుసుకొనే ఉపాయాలలో వేలికి విద్యుదాఘాతం తగిలించుకొనడం కూడ ఒకటి. వార్త మొదట చెవికి గాని, కంటికి గాని కాక వేలికి చురుక్కుమని తగిలినది! ఆ తరువాతి కాలంలో తంతివార్త వచ్చినదంటే ఇంటిల్లిపాదీ గుండెలు పట్టుకొనడం తెలిసినవారు ఇందులో ఒక శకునాన్ని చూస్తే ఆశ్చర్యం లేదు.

కంపెనీ ప్రభుత్వం ఈ ప్రయోగాన్ని పదేళ్ళపాటు పట్టించుకొనలేదు. డల్హౌసీ గవర్నరు జనరలుగా వచ్చిన తరువాతనే, 1850 - 51లలో, కలకత్తా నుండి డైమండ్ హార్బరుకు తంతి వేయడం జరిగినది. ఆవలి కొసన ఉండి తొలి వార్త పంపినవాడు శివచంద్ర నంది అనే వంగీయుడు. టంకసాలలో ఓషానెస్సీ క్రింద పనిచేసినవాడు. పద్మానది అడుగున తంతి వేయవలసి వచ్చినప్పుడు జాలరుల పడవలను కూర్చుకొని ఆ పనిని నెరవేర్చినవాడు కూడ ఆయనే. ఓషానెస్సీకి 1856లో సర్ బిరుదం లభించినది. శివచంద్రునికి రాయ్‌బహదూరు బిరుదం రావడానికి 1883 వరకు ఆగవలసి వచ్చినది. తంతి క్షణంలో పోయినను గుర్తింపు మాత్రం పల్లకీ మీద వచ్చినదన్నమాట.

1855లో తంతి ప్రజలకు అందుబాటులోనికి వచ్చినది. నాటి తంతిమార్గం కలకత్తా నుండి ఆగ్రాకు, ఆగ్రా నుండి బొంబాయికి, అక్కడినుండి మద్రాసుకు. తూర్పుతీరం వెంట తంతి ఇంకను వేయలేదు. కనుక కలకత్తాలో పుట్టిన వార్త మద్రాసు చేరవలసివస్తే సగం భారతదేశాన్ని ప్రదక్షిణం చేయవలసినదే. నడుమనున్న తెలుగుదేశం ఆ వార్తకు దారిలో తగలదు. అంతకు పాతికేళ్ళ క్రిందట, 1830 మే నెలలో మద్రాసునుండి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య పల్లకీలోనూ పడవలోనూ పోయి, కాశీ సేవించి, కలకత్తా చూచుకొని, తూర్పుతీరం మీదుగా 1831 సెప్టెంబరులో ఇల్లు చేరినాడు. ఆయన వ్రాత మిత్రుడైన కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెను ఉద్దేశించినది. 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయినది. పదిహేను నెలల ప్రయాణంలో ఆయనకు కనబడని ఊరు లేదు. తంతికి కొసలు రెండే ఉన్నవి, నడుమ ఊళ్ళు లేవు. వేగం వల్ల లభించినదేమి, పోయినదేమి అన్న ప్రశ్నకు ఈ రెండు ప్రయాణాలను ప్రక్కప్రక్కన పెట్టి చూడడమే మంచి సమాధానం.

కలకత్తా ఈ ప్రశ్నను చర్చించినది, నవ్వుతూ చర్చించినది. 1854 ఆగస్టు 15న హౌరా నుండి హుగ్లీకి తొలి పొగబండి నడిచినది. వంగీయులు దానిని 'కలేర్ గాడీ' అన్నారు, అనగా యంత్రపు బండి. 1862 నాటికి కాళీప్రసన్న సింహుడు గుడ్లగూబ మారుపేరుతో, వీధిలో వినబడే కలకత్తా భాషలో, నగర జీవితాన్ని 'హుతోం ప్యాంచార్ నక్షా'గా చిత్రించినాడు. పండుగలు, బాబుల విలాసాలు, కపట భక్తులు, వాటి సరసనే రైలు కూడ ఆ రచనలో పరిహాసానికి పాత్రమయినది. 1880 దశకంలో దుర్గాచరణ్ రాయ్ ఇంకొక అడుగు ముందుకు వేసినాడు. బ్రహ్మ, నారాయణుడు, ఇంద్రుడు, వరుణుడు భూలోకానికి దిగివచ్చి, రైలెక్కి, ఊరూరా తిరిగి, కలకత్తా చూచినట్లు ఒక పెద్ద గ్రంథమే వ్రాసినాడు. సృష్టికర్తకే టిక్కెట్టు కొనవలసిన అవసరం కల్పించడంలో ఉన్న హాస్యం సామాన్యమైనది కాదు. కొత్త శక్తి ముందు పాత శక్తులన్నీ ప్రయాణికులే అని అది చెబుతున్నది.

1870 ప్రాంతంలో పల్తా నుండి వడకట్టిన నీరు గొట్టాల ద్వారా నగరానికి వచ్చినప్పుడు, ఆ నీరు ఆచారవంతులు త్రాగవచ్చునా, పూజకు వినియోగించవచ్చునా అని పెద్ద తర్కం సాగినది. ఈనాటివారు దానిని మూఢత్వమని తోసివేస్తారు. అది తొందరపాటు. తన గొంతులోనికి పోయే నీరు ఎవరి చేతిమీదుగా వస్తున్నది, ఎవరి అధికారానికి లోబడి వస్తున్నది అని అడగడం మూఢత్వం కాదు. ప్రశ్న మంచిదే. శుచి అనే పాత నుడికారం తప్ప వేరొక భాష వారికి దొరకలేదు. ఆ కొరతను తీర్చవలసిన బాధ్యతను పత్రికలు మీద వేసుకొన్నవి. 1874లో కలకత్తాలో 'వసంతక్' అనే హాస్యపత్రిక బొమ్మలతో పురపాలక సంఘాన్ని ఎత్తిపొడవసాగినది. ఆ సంవత్సరమే గోదావరి తీరాన కందుకూరి వీరేశలింగం పంతులు 'వివేకవర్ధని' స్థాపించినాడు. రెండేళ్ళకు దానికి 'హాస్యసంజీవని' తోడయినది. వివేకానికి హాస్యం అనుబంధమన్న సంగతి ఆ రెండు పేర్లలోనే ఉన్నది.

తెలుగువారు యంత్రాలకు పెట్టుకొన్న పేర్లను చూచినా వారి చూపు తెలుస్తుంది. పొగబండి అన్నప్పుడు కంటికి కనబడినది చెప్పినారు. ధూమశకటమన్నప్పుడు దానినే పట్టుబట్ట కట్టి పీటమీద కూర్చుండబెట్టినారు. టెలిగ్రాఫుకు మాత్రం వీణకు సంబంధించిన 'తంతి'ని ఇచ్చినారు. వంగభాషలో అది 'తార్', వట్టి తీగ. తెలుగులో అది మీటితే పలికేది. పరభాషాపదాన్ని తెచ్చుకొనడానికి ముందు ఇంటిలో ఏమున్నదో వెదకిన కాలమది. వెదకడంలోనే ఒక విమర్శ జరుగుతుంది. పేరు పెట్టనివాడు వస్తువును వాడుకొనగలడు గాని దానిని ప్రశ్నించలేడు.

ఈ పరిహాస సాహిత్యంలో రెండు పాయలున్నవి. ఒకటి యంత్రం తెలియనివానిని చూచి నవ్వేది. రెండవది యంత్రం ముందు నిలిచిన మనిషిని, అతనిలో తనను, చూచి నవ్వేది. మొదటిది సులభం, పట్టణంవాడు పల్లెటూరివాని మీద ఎప్పుడూ నవ్వగలడు. రెండవ దానికి తెలుగులో ఉత్తమోదాహరణం మొక్కపాటి నరసింహశాస్త్రి 'బారిష్టరు పార్వతీశం'. 1924లో మొదలయిన ఆ కథలో మొగలితుర్రు కుర్రవాడు రైలూ ఓడా ఎక్కి సీమకు పోతాడు. కథ చెప్పేది అతడే కనుక నవ్వు ముందుగా అతని మీదనే పడుతుంది. పాఠకుడు నవ్వి నవ్వి, తుదకు అతని తడబాటులో తన తాతగారి తడబాటును, కొంచెం నిదానిస్తే తన తడబాటును, గుర్తుపడతాడు. ఇట్టి నవ్వు ఎవరినీ బండి దింపదు.

కాని ఈ రెండు పాయలలోనూ ఒక లోటున్నది. నవ్వినవారు బండి ఎక్కినవారు. బండి నడిపినవారి నవ్వు వ్రాతకెక్కలేదు. బెంగాల్ నాగపూర్ రైల్వే పనులలోనికి విశాఖపట్నం, గంజాం ప్రాంతాలనుండి వేలకొలది తెలుగువారు పోయినారు. ఖర్గపూరు తెలుగువారి ఊరు కూడ అయినది అందువల్లనే. హుగ్లీ గట్టు మీది జనపనార మిల్లులలోనూ తెలుగు వినబడినది. మగ్గం రొదలో, బొగ్గు యార్డులో, రాత్రి డ్యూటీలో వారు యంత్రాన్ని గురించి అనుకొన్న మాటలు ఏ పత్రికకూ చేరలేదు. 1908లో తంతి ఉద్యోగులు దేశవ్యాప్తంగా సమ్మె చేసినప్పుడు వ్యాపార ప్రపంచం ఒక్కసారి ఉలిక్కిపడినది. వార్తలు పంపే చేతులకు తమ సొంత వార్త ఒకటి ఉన్నదని అప్పుడే చాలమందికి తెలిసినది.

గణకయంత్రం కథ కూడ ఇట్లే నడిచినది. 1950 దశకం మధ్యలో, కలకత్తాలోని భారతీయ గణాంకశాస్త్ర సంస్థకు వచ్చినది దేశంలోని తొలి ఎలక్ట్రానిక్ గణకయంత్రం. పదేళ్ళయినా గడచీ గడవకముందే అదే నగరంలో జీవితబీమా సంస్థ ఇలాకో హౌస్‌లో కంప్యూటరు నెలకొల్పబోతే, ఉద్యోగులు రేయింబవళ్ళు కాపలా కాసి అడ్డుకొన్నారు. తరువాతి తరం దీనిని ప్రగతికి అడ్డుపడిన మొండితనంగా చెప్పి నవ్వుకొన్నది. 1995 జూలై 31న జ్యోతిబసు రైటర్స్ బిల్డింగ్ నుండి ఢిల్లీలోని సుఖరాంతో దేశంలో తొలి మొబైల్ ఫోన్ సంభాషణ జరిపినప్పుడు ఆ నవ్వు పూర్తి అయినట్లు తోచినది. కాని ఇలాకో హౌస్ ముందు కూర్చున్నవారు యంత్రం పనిచేయదని అనలేదు. అది బాగా పనిచేస్తే తమ పని ఏమవుతుందని అడిగినారు. అడిగిన తీరులో తప్పుండవచ్చును. ప్రశ్న మాత్రం నేటికి ఇంకను పదునెక్కినది.

2013 జూలైలో తంతి సేవ దేశంలో ముగిసినది. పదేళ్ళ తరువాత, 2023 జూన్ 2న, షాలిమార్ నుండి బయలుదేరిన కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ఒడిశాలోని బహనగా బజార్ వద్ద ప్రక్కలైనులో నిలిచి ఉన్న గూడ్సును గుద్దుకొన్నది. 290 మందికి పైగా మరణించినారు. సంకేతవ్యవస్థ తీగల పనిలో జరిగిన లోపాలే కారణమని రైల్వే భద్రతా కమిషనరు విచారణలో తేలినది. ఆ నాలుగు రోజులలో దేశమంతా సాంకేతిక నిపుణులయినారు. ప్రమాదాలను నివారించే 'కవచ్' పరికరం ఆ మార్గంలో లేదేమని అడిగినవారున్నారు. 2022 మార్చిలో సికిందరాబాదు డివిజనులో దానిని ఆర్భాటంగా ప్రదర్శించిన సంగతి గుర్తుచేసి ఎత్తిపొడిచినవారున్నారు. అది న్యాయమైన ఎత్తిపొడుపే. ప్రమాదస్థలం దాపున ఉన్న ఒక దేవాలయాన్ని మసీదని చూపి ఒక మతంవారి మీద అనుమానం రేపినవారు కూడ ఉన్నారు. ఒడిశా పోలీసులు బహిరంగంగా హెచ్చరించవలసి వచ్చినది. తీగ తప్పు తీగదే. దానిని మనిషి మీదికి త్రిప్పినవాడు నవ్వలేదు, నవ్వించలేదు, తెలుసుకొననూ లేదు.

యంత్రాన్ని గురించి వాదించే హక్కు యంత్రజ్ఞులకే పరిమితమనడం అధికారుల మాట. ఏమి తెలియకపోయినా ఏదయినా అనవచ్చుననడం వదంతులవారి మాట. ఈ రెండింటికి నడుమ ఒక సన్నని దారిని గుడ్లగూబ పేరు పెట్టుకొన్న వంగీయుడూ, పార్వతీశాన్ని సీమకు పంపిన ఆంధ్రుడూ చూపినారు: కంటితో చూచినది చెప్పడం, సొంత మాటలో చెప్పడం, తనను కూడ ఆ నవ్వులో చేర్చుకొనడం. మాటే వృత్తిగా గలవారికి ఈ దారి మరీ అవసరం. బహనగాలో తీగ ఎక్కడ తప్పినదో కనుగొనడానికి ఒక విచారణ చాలినది. మాట ఎక్కడ తప్పినదో కనిపెట్టవలసిన కమిషనరు మాత్రం ఎవరూ లేరు. ఆ ఉద్యోగం రచయితలదే.