కుండ మీద పేరెవరిది?

నగరాల్లో చదువుకున్నవారి ఇళ్ళలో ఈమధ్య ఒక కొత్త అలంకారం కనిపిస్తున్నది. పుస్తకాల బీరువా మీద చేతితో చేసిన మట్టి కూజా, కిటికీ పక్కన మెరుగుపూత వేసిన గిన్నె. తిప్పి చూస్తే అడుగున కళాకారుని సంతకం వుంటుంది. యంత్రం పోతపోసిన ప్లాస్టిక్ పూలకుండీ కంటే ఇది ఎంతో మేలు. దీన్ని డబ్బున్నవారి సరదా అని కొట్టిపారెయ్యడం సులభమే గాని, న్యాయం కాదు. ఒక మనిషి చేతిపనిని గుర్తించి ఇంట్లో పెట్టుకోవడం మంచి సంస్కారం. అయితే చరిత్ర విద్యార్థి ఆ సంతకం దగ్గర ఆగి ఒక ప్రశ్న వెయ్యక తప్పదు. సంతకం లేని కుండలు చేసినవాడు కళాకారుడు కాడా?

ఈ ప్రశ్నను అనంతపురం సీమలో నిలబడి అడగాలి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వర్షం పడే ఈ పీఠభూమిలో నీళ్ళు దొరకడం ఎంత కష్టమో, దొరికిన నీళ్ళను దాచుకోవడం అంత అవసరం. కడవ, బాన, కూజా లేకుండా ఇక్కడ సంసారం సాగలేదు.

కళ్యాణదుర్గం ప్రాంతంలోని పాలవాయిలో నవీన శిలాయుగపు బూడిద దిబ్బ వున్నది. సారె వాడుకలోకి రాకముందు, పశువులను మేపుకుంటూ బతికిన ఆనాటి జనం కుండలను ఎక్కువగా చేతితోనే మలిచారు. దక్కనులోని ఆ యుగపు కుండల్లో కొన్నింటికి, కాల్చిన తర్వాత, అంచు మీద ఎర్రజాజు పట్టీ దిద్దారు. ఆ పట్టీ వల్ల కుండలో నీళ్ళు ఎక్కువ పట్టవు, గంజి తొందరగా ఉడకదు. అయినా దిద్దారు. అంటే అందం మీది కోరిక తీరిక దొరికిన వర్గాల సొత్తు కాదన్నమాట. రాబర్ట్ బ్రూస్ ఫుట్ బళ్ళారి, అనంతపురం ప్రాంతాల్లో తిరిగి సేకరించిన ఇటువంటి పురావస్తువులను మద్రాసు మ్యూజియం 1904లో కొన్నది. వాటికి ఈనాటికీ ‘ఫుట్ సేకరణ’ అనే పేరు. ఏరినవాని పేరు నిలిచింది. చేసినవారి పేరు మట్టిలోనే వుండిపోయింది.

తరువాతి కాలంలో కుమ్మరికి గ్రామంలో ఒక స్థానం ఏర్పడింది. దత్తమండలాలకు ప్రిన్సిపల్ కలెక్టరుగా 1800 నుంచి 1807 వరకు వున్న థామస్ మన్రో, ఇక్కడి గ్రామాలను పన్నెండుమంది ఆయగాండ్రతో కూడిన చిన్న గణరాజ్యాలుగా వర్ణించాడు. 1867లో వెలువడిన ‘పెట్టుబడి’ మొదటి సంపుటంలో మార్క్స్ భారత గ్రామ సమాజాన్ని వివరిస్తూ కుమ్మరిని ప్రత్యేకంగా పేర్కొన్నాడు. కుమ్మరి ఊరికంతటికీ కుండలు చేశాడు. రైతు కళ్ళంలో గింజలు కొలిచాడు. ఆ ఏర్పాటును బంగారు యుగమని పొగడనక్కరలేదు. వృత్తిని కులానికి, కులాన్ని పుట్టుకకు కట్టివేసిన వ్యవస్థ అది. చాలాచోట్ల స్త్రీ మట్టి తొక్కింది, జల్లించింది, కుండకు రంగు దిద్దింది, కాని సారె మీద చెయ్యి వెయ్యడానికి ఆమెకు అనుమతి లేదు.

అయినా ఆ వ్యవస్థలోనే మన ఇంటి అలంకారానికి అసలైన పూర్వరూపం వున్నది. పెండ్లికి తెచ్చే అరివేణి కుండలను చూడండి. పెండ్లివారు మేళంతో కుమ్మరి ఇంటికి వెళ్ళి, సున్నంతో, జాజుతో చిత్రించిన కుండలను గౌరవంగా తెచ్చుకొని వరుసగా పేర్చేవారు. అంటే కుండను అందం కోసం, శుభం కోసం ఇంట్లో నిలిపే ఆచారం పేదరైతు ఇంట్లోనూ వుండేది. సంతకం అక్కరలేకపోయింది, ఎందుకంటే ఎవరు చేశారో ఊరందరికీ తెలుసు. కుమ్మరి మొల్లగా మనం చెప్పుకునే కవయిత్రి తన రామాయణపు అవతారికలో తండ్రి పేరు చెప్పుకున్నది. కుండకు అవతారిక లేదు. ఊరి జ్ఞాపకమే దానికి అవతారిక.

ఆ జ్ఞాపకాన్ని చెరిపింది కరువు ఒక్కటే కాదు. 1876–78 నాటి ధాత కరువు వంటి విపత్తుల్లో కళ్ళం ఎండినప్పుడు కుమ్మరి గింజలూ ఎండాయి. కాని వాన పడితే కళ్ళం మళ్ళీ నిండుతుంది. పోయిన గిరాకీ మాత్రం తిరిగి రాదు. ఇక్కడ చరిత్ర ఒక చేదు హాస్యం ఆడింది. మద్రాసులో 1850లో అలెగ్జాండర్ హంటర్ అనే వైద్యుడు కళల పాఠశాల స్థాపించాడు. అందులో మట్టిపాత్రల తయారీ కూడా ఒక విభాగం. అదే పాఠశాలలో 1898లో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అల్యూమినియం పాత్రల తయారీ మొదలుపెట్టాడు. కొన్నేండ్లకే అది ప్రైవేటు కంపెనీ చేతికి పోయింది. మట్టిపాత్రను కళగా నేర్పిన కప్పు కిందనే మట్టిపాత్రకు పోటీ పుట్టింది. పగలని, తేలికైన గిన్నెను పేద ఇల్లాలు కోరుకోవడం తప్పు కాదు. బరువు మోసేది ఆమె. తప్పెక్కడంటే, పని పోయిన కుమ్మరికి మరో దారి చూపవలసిన బాధ్యతను ఎవరూ తలకెత్తుకోకపోవడంలో. అల్యూమినియం తర్వాత ప్లాస్టిక్ బిందె వచ్చింది. కుండ వేసవి మూడు నెలల సరుకైంది.

వాడుక పోయిన వస్తువే కళాఖండమౌతుందని ప్రపంచ చరిత్ర చెబుతుంది. పేరు తెలియని కొరియా కుమ్మరులు అన్నం తినడానికి చేసిన గిన్నెలను జపాన్ ప్రభువులు తేనీటి విందులకు అమూల్యంగా ఎంచుకున్నారు. 1592–98 యుద్ధంలో ఆ కుమ్మరులనే బందీలుగా పట్టుకుపోయారు. గిన్నెకు మర్యాద, చేతికి సంకెల! మన దగ్గరే మరో ఉదాహరణ వున్నది. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారులు ఆట తగ్గిపోయాక అదే తోలుతో దీపపు గూళ్ళు చేసి నగరాల ఇళ్ళకు అమ్ముతున్నారు. దానివల్ల వారి పొయ్యి వెలుగుతున్నది, చేతి నేర్పు బతికివున్నది. ఆట వెనకబడింది. ఈ రెండింటినీ కలిపి చూస్తేనే లెక్క సరిపోతుంది.

కాబట్టి సంతకం వున్న కూజాను ఇంట్లో పెట్టుకోవద్దని నేననను. గ్యాసు కొలిమిలో 1200 డిగ్రీలకు పైగా కాల్చిన ఆ పాత్ర వెనక కూడా శ్రమ వున్నది. చదువుతో, స్వేచ్ఛగా ఎంచుకున్న వృత్తిగా కుమ్మరితనం కులం సంకెళ్ళు దాటడం చరిత్రలో ముందడుగే. కాని ఆ అడుగు ఒక వైపే పడుతున్నది. పైనున్నవాడు దిగివచ్చి మట్టి పట్టుకుంటే కళ, మట్టిలో పుట్టినవాడు పట్టుకుంటే కులవృత్తి! ఒకరికి ప్రదర్శన, మరొకరికి బేరం. ఈ తేడా మట్టిలో లేదు, సమాజంలో వున్నది.

దాన్ని తొలగించడానికి సానుభూతి చాలదు. చెరువు మట్టి మీద కుమ్మరికి హక్కు, కొలిమికి వంటచెరుకు, పనికి న్యాయమైన ధర, కుమ్మరి పిల్లలకు కళాశాలల్లో చోటు, కుమ్మరి స్త్రీకి సారె, ఇవీ కావలసినవి. విద్యార్థులు, ఉపాధ్యాయులు చెయ్యగలిగింది కూడా ఒకటున్నది. వేసవిలో కుండ కొన్నప్పుడు, చేసినవారి పేరడిగి రాసుకోండి. రేపటి చరిత్రకారుడికి ‘సేకరణ’ పేరు ఒక్కటే మిగలకుండా వుండాలంటే, ఆ పని ఈనాడే మొదలుకావాలి.